రెండో డైనోసారు

8 నవంబరు 1994, బచేలి

దేవుళ్ళని చేసిన చేత్తో బల్లిని చెయ్యాల్సి వచ్చింది. కానీ, పనంటే పనే. ఈ ఇనుప గని వాళ్ళ పార్కు ఆఫీసరు హిందీ పిల్లల పుస్తకంలోంచి చింపిన కాగితం ఒకటి నా చేతిలో పెట్టాడు. పొడుగు మెడ, అంతకన్నా పొడుగు తోక, ఏనుగు కాళ్ళు. దాని కడుపు పక్కనే దాని పిల్ల నిలబడి ఉంది. "రెండూ కావాలి రాఘవులూ. పెద్దది చూడ్డానికి, చిన్నది పిల్లలు ఎక్కి ఆడుకోడానికి. ఛబ్బీస్ జనవరికి ఓపెనింగ్" అన్నాడు.

పెద్దది ముందు చేస్తాను. చిన్నదెంతసేపు, చివర్లో చూసుకోవచ్చు.

10 నవంబరు

ఉండటానికి ఖాళీ క్వార్టర్ ఒకటి ఇచ్చారు. ఈ లైన్లో తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు. సాయంత్రం అయ్యేసరికి ఎవరి తలుపులు వాళ్ళు వేసుకుంటారు. లోపల్నించి పిల్లల్ని చదవమని కేకలు వినిపిస్తాయి. నాకు వాళ్ళతో ఏం పని? రేడియోలో విశాఖపట్నం పట్టదు, కొండ అడ్డం. అందుకే ఈ డైరీ. రోజూ కాసేపు తెలుగులో విసుక్కోకపోతే నాకు తిన్నది అరగదు.

ఒక్కసారి రాసేసి ఊరుకుంటాను. మా పైడి శ్రావణంలో పోయింది. ఆరేళ్ళ పిల్ల. జ్వరం వచ్చింది, తగ్గలేదు, అంతే. మా ఆవిడ కొండని శృంగవరపుకోటలో వాళ్ళక్క ఇంట్లో దించి నేనిలా వచ్చాను. ఇంక ఈ మాట ఈ డైరీలో ఎత్తను.

11 నవంబరు

నిద్ర పట్టలేదు. అంతా ఈ ఎర్ర దుమ్ము వల్లే.

14 నవంబరు

చువ్వలు వంచడం మొదలుపెట్టాను. నాకు ఇద్దర్ని సాయం ఇచ్చారు, మాడ, అతని భార్య నందే. మాడది ఆంధ్రా సరిహద్దులో పామేడు దగ్గర ఊరు, తెలుగు వచ్చు. నందేకి గోండి, కాస్త హిందీ. ఆమె ఇసుక మోస్తుంది, అతను సిమెంటు మాలు కలుపుతాడు. ఇద్దరూ పనిలో మాట్లాడుకోరు. ఒకరు చెయ్యి చాపేలోపు రెండోవాళ్ళు తట్ట అందిస్తారు. చూస్తే ఒళ్ళు మండుతుంది.

మాడ కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏందన్నా ఇది? ఏ అడివిల ఉంటది?"

"ఎక్కడా లేదు. ఎప్పుడో చచ్చిపోయాయి."

"అన్నీనా? ఒక్కటన్న మిగల్లే?"

"ఒక్కటీ మిగల్లేదు. చువ్వ పట్టుకో."

ఇవాళ బాలల దినోత్సవమట. స్కూలు పిల్లలు బ్యాండు కొట్టుకుంటూ పార్కు ముందు నుంచే వెళ్ళారు. నేను వీపు తిప్పి పని చేసుకున్నాను. బైండింగ్ వైరు వేలికి గుచ్చుకుంది.

19 నవంబరు

కొండకి ఫోను చేద్దామని బజార్లో ఎస్టీడీ బూతుకి వెళ్ళాను. లైను దొరకలేదు.

27 నవంబరు

అస్థిపంజరం లేచి నిలబడింది. మెడ దగ్గర తల ప్రాణం తోకకొచ్చింది. వినాయకుడికి మెడే ఉండదు, దీనికి ఉన్నదంతా మెడే. చువ్వల మీద కోళ్ళ జాలీ చుట్టాం, రేపటి నుంచి సిమెంటు.

కళ్ళ సంగతి రాయాలి. మా ఇంట్లో పెళ్ళయిన దగ్గర్నుంచీ పని ఒకటే పద్ధతి. ఒళ్ళు నాది, కళ్ళు కొండవి. నేను బొమ్మ పూర్తిచేసి కళ్ళ చోట రెండు గుంటలు వదిలి, పసుపు నీళ్ళలో ముంచిన గుడ్డ కట్టేస్తాను. కొండ తలంటి పోసుకుని, పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా వచ్చి, గుడ్డ విప్పి కళ్ళు దిద్దుతుంది. అంతవరకు అది సిమెంటు ముద్దే. కళ్ళు దిద్దాకే ప్రాణం వచ్చినట్టు. మా అయ్య బతికుండగా కూడా, కొండ వచ్చాక కుంచె కోడలికే ఇచ్చేశాడు. నాకు కళ్ళు దిద్దడం రాదు, ఎప్పుడూ నేర్చుకోలేదు. అవసరమేముంది?

శ్రావణం తర్వాత కొండ కుంచె ముట్టలేదు. దసరాకి ఒప్పుకున్న అమ్మవార్లని అన్నిటినీ వద్దని చెప్పేశాం. ఈ పని ఒప్పుకున్నది అందుకే. బల్లికి కళ్ళేమిటి, రెండు పెద్ద గోళీలు అతికిస్తే సరి.

3 డిసెంబరు

బూతుకి వెళ్ళాను. లైను దొరకలేదు.

6 డిసెంబరు

ఇక్కడ ఖనిజం నింపుకున్న రైలు దిగువకి వెళ్తూ శృంగవరపుకోట మీదుగానే పోతుంది. కొండ వాళ్ళక్క ఇల్లు స్టేషనుకి దగ్గరే. ఊరికే రాశాను.

11 డిసెంబరు

పొట్ట అయింది. కాళ్ళు అయ్యాయి. గోనెపట్టాలు కప్పి రోజంతా నీళ్ళు కొడుతున్నాం. ఆదివారం కదా, గని కొండ మీద పనిచేసే యేసుపాదం గారు చూడ్డానికి వచ్చారు. రాళ్ళ చదువు చదువుకున్న మనిషి, గుంటూరు వైపు. బెంచీ మీద కూర్చుని చాలాసేపు మాట్లాడారు. ఇంటికి వెళ్ళే తొందర లేని మనిషి ఈ ఊళ్ళో ఆయనొక్కడే కనిపించాడు.

గోదావరి పక్కన ఆదిలాబాదు వైపు ఇలాంటి వాటి ఎముకలు రాళ్ళలో దొరికాయట. "మరి ఈ కొండలో?" అన్నాను.

"ఈ కొండలో ఏ ఎముకా దొరకదు రాఘవులు గారూ. ఈ ఇనుము పుట్టినప్పటికి భూమ్మీద నడిచే ప్రాణి ఒక్కటీ లేదు. ఇవన్నీ చాలా వెనక వచ్చినవి."

"అంత కాలం ఎవరూ లేకుండా ఏం చేసిందండీ ఈ కొండ?" అని అడిగాను. ఆయన నవ్వేశారు. నేను నవ్వులాటకి అడగలేదు.

తర్వాత ఇంకో మాట చెప్పారు. జబల్‌పూరు వైపు వీటి గుడ్లు దొరికాయి, గూళ్ళకి గూళ్ళు రాళ్ళైపోయాయి. కానీ ఈ జాతిలో తల్లి గుడ్లు పెట్టేసి దాని దారిన అది వెళ్ళిపోయేదని కొందరు పెద్దవాళ్ళు అంటారట. పిల్లల్ని దగ్గరుంచుకుని పెంచిన గుర్తులేమీ లేవట.

ఎంత హాయిగా ఉందో ఈ మాట వింటే! అంటే ఈ పుస్తకంలో బొమ్మే తప్పు. తల్లీ పిల్లా ఒకచోట ఉండవు. చిన్నది చెయ్యడం సైన్సుకి విరుద్ధం. రేపే ఆఫీసరుకి చెప్తాను.

12 డిసెంబరు

చెప్పాను. "సైన్సు నాకెందుకు, డ్రాయింగులో రెండున్నాయి, రెండూ చెయ్యి" అన్నాడు. మూర్ఖుడు.

20 డిసెంబరు

తల పూర్తయింది. మెత్తగా, కాస్త ఆవు మొహంలా వచ్చింది. మొహం తీర్చడం అవగానే నా చెయ్యి దానంతటదే పసుపు నీళ్ళ కోసం వెతికింది. పరంజా దిగాను, పసుపు కొనుక్కొచ్చాను, తువ్వాలు ముంచాను, ఎక్కి కళ్ళకి కట్టేశాను. కట్టాక తెలిసింది ఏం చేశానో. ఇరవై అడుగుల బల్లికి పసుపు గుడ్డ! విప్పేద్దామనుకున్నాను. విప్పితే లోపల రెండు బొక్కలే. చూడబుద్ధి కాలేదు, అలాగే ఉంచాను.

21 డిసెంబరు

పొద్దున మాడ, నందే చెప్పులు కింద విడిచి పరంజా ఎక్కారు. ఎందుకని అడిగితే "గుడ్డ కట్టినవ్ గదా" అన్నాడు మాడ.

26 డిసెంబరు

దాని ముందు కాళ్ళ దగ్గర గుప్పెడు బియ్యం, ఎండు ఇప్పపూలు. నందే పనే. సాయంత్రానికి అగరొత్తులు కూడా గుచ్చారు, అవి ఎవరివో తెలీదు. కొండ మీదికి షిఫ్టుకి వెళ్ళే బస్సు పార్కు పక్కన మలుపు తిరుగుతుంది. కిటికీల్లోంచి ఇద్దరు ముగ్గురు దండం పెట్టుకోవడం నా కళ్ళతో చూశాను. సిగ్గేసింది. వద్దని మాత్రం అనలేదు. ఒక్కణ్ణీ ఉన్నప్పుడు నేనే దాంతో మాట్లాడుతున్నాను, వాళ్ళనేమంటాను?

2 జనవరి 1995

ఇవాళ పెద్ద గొడవ. ఆఫీసరు వచ్చి బొమ్మ కాళ్ళ దగ్గర ఎవరో కొట్టిన కొబ్బరిచిప్పలు చూశాడు. కోపం నషాళానికంటింది ఆయనకి. "యే పార్క్ హై యా మందిర్?" అని అందరి ముందూ కేకలేశాడు. గుడ్డ తీసెయ్యాలి, పదిహేనో తారీకు లోపల కళ్ళు పెట్టెయ్యాలి, చిన్నది మొదలుపెట్టాలి. లేదా జగదల్‌పూర్ నుంచి సైన్‌బోర్డులు రాసే పెయింటర్ని రప్పించి, రెండో బొమ్మ కూడా అతని చేతే చేయిస్తాడట. "చిన్నది ఎందుకు మొదలుపెట్టలేదు?" అన్నాడు. సిమెంటు చాల్లేదని చెప్పాను.

గోళీలు తెప్పించి పెట్టి చూశాను. పిచ్చిదానిలా ఉంది. పీకేశాను. మళ్ళీ గుడ్డ కట్టేశాను.

సాయంత్రం మాడ బీడీ వెలిగించుకుని నా పక్కన కూర్చున్నాడు. "ఆ సారుకు తెల్వదన్నా. మా కాడ మనిషి పోతే రాయి నిలబెడతం. మా నాయనకు నేనే నిలబెట్టిన. రాయి పెట్టేదాక జీవునికి కూసునే జాగ ఉండదు, ఇంటి సుట్టే తిరుగుతడు. ఈ జాతికి సుట్టం ఒక్కడు మిగల్లేదంటివి గదా. ఎవరు పెట్టాలె మరి? నువ్వు పెడుతున్నవ్. మంచి పని."

"నేను కూలికి చేస్తున్నానురా బాబూ."

"కూలికైతే ఏంది? పెట్టినోడే సుట్టం." బీడీ నుసి దులిపి, "మరి పిల్లకు పెట్టవా?" అన్నాడు.

కాగితంలో ఉన్న పిల్ల గురించే అడిగాడు. అతనికి ఇంకేం తెలుసు? నేను లేచి నానా మాటలూ అన్నాను. సోమరివన్నాను, తాగుబోతువన్నాను. మాడ బీడీ ఆర్పి చెవి వెనక పెట్టుకున్నాడు. నందే మాత్రం తట్ట బోర్లించి, నా వంక చూస్తూ గోండిలో ఏదో అంది. తిట్టలేదు. తిట్టు ఏ భాషలో ఉన్నా తెలుస్తుంది.

మేం పైడికి ఏమీ పెట్టలేదు. చిన్నపిల్లలకి పెట్టరన్నారు. చెరుకు తోట పక్కన పూడ్చి వచ్చేశాం. ఆ మర్నాడే వాన. చోటు ఎక్కడో ఇప్పుడు నన్ను చూపించమంటే చూపించలేను.

3 జనవరి

పొద్దున్నే మాడకి బీడీ కట్ట కొనిచ్చాను. తీసుకున్నాడు. అక్కణ్ణించి బూతుకి వెళ్ళాను. ఈసారి నంబరు నిజంగా తిప్పాను.

కొండ వాళ్ళక్క ఇంటి పక్క కిరాణా కొట్లో ఫోను. పిలుచుకొస్తామన్నారు. పెట్టేసి పారిపోదామనిపించింది. ఈలోగా గాజుల చప్పుడు వినపడింది.

"కొండా, నేను."

"ఊఁ."

"పెద్ద బొమ్మ అయిపోయింది. కళ్ళు దిద్దాలి."

"నువ్వే దిద్దుకో."

"చిన్నదొకటి ఉంది కొండా. పిల్లది. తల్లి పక్కన నిలబడాలి. నా వల్ల కావట్లేదు. చువ్వ పట్టుకుంటే చెయ్యి ఆడట్లేదు."

అటువైపు ఎవరో పప్పులు తూస్తున్నారు, తక్కెడ చప్పుడు. ఆ చప్పుడు ఆగాక, "ఎంత చిన్నది?" అంది.

ఫోను పెట్టేశాను.

5 జనవరి

ఎంత చిన్నదని ఎందుకు అడిగినట్టు?

7 జనవరి

ఎందుకడిగింది?

9 జనవరి

కొండ వచ్చింది.

సాయంత్రం ప్యాసింజరు దిగి అడుగుతూ అడుగుతూ పార్కుకే వచ్చేసింది. చేతిలో మూట, జుట్టు నిండా ఎర్ర దుమ్ము. సగానికి సగం చిక్కిపోయింది. నేను పరంజా మీద ఉన్నాను. దిగమని కూడా అనలేదు. తలెత్తి బొమ్మని తోక నుంచి తల దాకా చూసింది.

"ఏటి మావా, దీని మొహం ఇలాగుంది? ఆవుకి జొరం వచ్చినట్టుంది."

దిగాను. అన్నం తిన్నావా అన్నాను. తలూపింది.

"చిన్నదేదీ?"

"సిమెంటు చాల్లేదే."

కొండ పక్కకి చూసింది. పట్టా కింద సిమెంటు బస్తాలు నా నడుమంత ఎత్తున ఉన్నాయి. మూట కింద పెట్టి, తల్లి బొమ్మ పక్కకి వెళ్ళి నిలబడి, చెయ్యి తన నడుము కిందికి పెట్టి చూపించింది.

"ఇంతుండాలి" అంది.

అది ఎవరి ఎత్తో నాకు తెలుసు. తెలిసి వంట గదిలోకి పోయి ఏడ్చే అవకాశం కూడా లేదు, అది పార్కు. మాడ వచ్చి "అక్క వచ్చిందా" అని మూట అందుకున్నాడు.

13 జనవరి

చువ్వలు కొండే వంచింది. నేను కట్టాను. మాడ మాలు కలిపాడు. ఆఫీసరు వచ్చి చూసి, పని సాగుతోంది కదా అని గడువు కాస్త పెంచాడు. నా చెయ్యి ఆడింది. ఎలా ఆడిందో తెలీదు, పక్కన ఇంకో చెయ్యి ఉంటే ఆడింది.

17 జనవరి

ఇన్నాళ్ళకి కొండ కోపం బయటపెట్టింది. అన్నాలు తింటుంటే, ముద్ద పళ్ళెంలోనే పెట్టేసి అంది. "నన్నొక్కదాన్నీ ఆ ఇంట్లో పడీసి ఎల్లిపోనావు. ఆ ఎర్రమట్టి రైలు పోయినప్పుడల్లా నాకు ఒళ్ళు మండీది. దానికున్న బుద్ధి నీకు లేకపోయింది. అది ఎల్తాది, మళ్ళీ వత్తాది."

"నీ మొహం చూడలేకపోయాను కొండా. చూస్తే అది కనిపించేది."

"నాకు మాత్రం నీ మొహంలో ఎవులు కనిపిస్తారనుకున్నావు? నానెక్కడికి పారిపోవాలి?"

నిజమే. ఆవిడ వెళ్ళడానికి ఎక్కడా లేదు. నేను మాత్రం ఒక కొండ వెతుక్కుని వచ్చి దాని కింద కూర్చున్నాను. రెండు నెలలుగా ఈ డైరీ నిండా దుమ్ము మీదా ఆఫీసరు మీదా పెట్టిన ఏడుపంతా దేని గురించో ఇప్పుడు కొత్తగా రాయక్కర్లేదు. ఆ పిల్ల లేకుండా నాకు బతకబుద్ధి కావట్లేదు. కొండకీ కావట్లేదు. ఇద్దరం అన్నం ముందు కూర్చుని ఆ మాట అనుకున్నాం. తర్వాత చల్లారిన అన్నం తిన్నాం.

22 జనవరి

కొండ తలంటి పోసుకుంది. "బల్లికి కూడా ఉపాసమా" అన్నాను. "నోర్ముయ్" అంది. పరంజా ఎక్కి పసుపు గుడ్డ విప్పింది. మధ్యాహ్నం దాకా దిగలేదు. దిగేసరికి తల్లికి కళ్ళొచ్చాయి. నల్లగా, పెద్దగా, కిందికి చూసే కళ్ళు. నందే రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. కింద ఏముందో చూడాలన్నట్టుంది ఆ చూపు, కింద పిల్లే ఉంది.

తర్వాత కొండ కుంచె కడిగి నా చేతిలో పెట్టింది. "చిన్నదానికి నువ్వు దిద్దు."

"నాకు రాదని నీకు తెలీదా?"

"నాను దిద్దలేను మావా. దిద్దితే దానిలాగే వచ్చెస్తాది. ఆపలేను."

పిల్లబొమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఎడమ కన్ను అనుకున్నచోటే వచ్చింది, కుడిది దానికన్నా పెద్దదై పైకి పోయింది. సర్దబోతే ఇంకా పెద్దదైంది. వదిలేశాను.

కొండ ముందుకొచ్చి చూసింది. "ఓలమ్మా! ఎటు చూస్తందే ఇది! ఒక కన్ను తల్లి మీద, ఒక కన్ను కొండ మీద!" అని నవ్వింది. శ్రావణం తర్వాత మొదటిసారి. నవ్వాపుకోలేక ఇసుక కుప్ప మీద కూలబడింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడుపులో పడింది. నేనూ పక్కన కూర్చున్నాను. మాడ, నందే నీళ్ళకని చెప్పి బిందె కూడా లేకుండా వెళ్ళిపోయారు.

ఆ మొహం ఎవరిదీ కాదు. పైడిది అసలే కాదు. దాని మొహం దానిది.

26 జనవరి

జెండా ఎగరేశారు, రిబ్బను కోశారు. పిల్లలు అరుపులతో లోపలికొచ్చి పడ్డారు. ఆఫీసరు పెద్దదాన్ని మెచ్చుకుని చిన్నదాని దగ్గర ఆగాడు. మెల్లకన్ను సరిచెయ్యమన్నాడు. చెయ్యనన్నాను. కారణమేంటన్నాడు. నాకొచ్చిన హిందీలో ఆ కారణం లేదు. అయితే పెయింటర్ని పిలిచి దిద్దిస్తానన్నాడు. కొండ నన్ను పక్కకి తప్పించి ముందుకెళ్ళి, "దీన్ని ముట్టుకున్నోడి సేతులు ఇరగ్గొడతాను" అంది, శుద్ధ తెలుగులో. ఆఫీసరు నా వంక చూశాడు. నేను అనువాదం చెయ్యలేదు. ఆయనకి అర్థమైనట్టే ఉంది, అతిథుల వైపు నడిచాడు.

ఈలోపల ఎవరి పిల్లో, ఐదారేళ్ళుంటాయి, రెండు జడలు, హిందీలో కేకలేస్తూ పిల్లబొమ్మ మెడ మీదికి ఎగబాకి కూర్చుంది. కాలు జారుతోంది. నేను ఒక అడుగు ముందుకేశాను. కొండ కదల్లేదు, కళ్ళు తిప్పుకోలేదు.

"గట్టిగా పట్టుకో తల్లీ, పడిపోగలవు" అంది.

ఆ పిల్లకి తెలుగు రాదు. అయినా పట్టుకుంది.